ఎడమవైపు చుక్క

ప్రెస్సులో పొడవాటి బల్ల మీద పరిచిన పన్నెండు బొమ్మల ముందు పిచ్చుకను ఒంటరిగా వదిలేసి పోయిన వారం మనం మన పనుల్లో పడిపోయాం. పాపం ఆ మనిషి ఇంకా అక్కడే నిలబడి ఉంది. పక్కన ప్రెస్సు మేనేజరు "బ్రహ్మాండంగా వచ్చాయి కదండీ" అని మూడోసారి అంటున్నాడు.

పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీయడం ఆమె వృత్తి అని మీకు తెలుసు. ఒకచోట కుదురుగా కూర్చోదని చిన్నప్పుడు ఇంట్లో పెట్టిన పేరు పిచ్చుక. పుస్తకాల మీద కూడా ఆ పేరే పడుతుంది. బొద్దు అనే ఎలుగుబంటి పిల్ల కథలు అక్క రాస్తే చెల్లెలు బొమ్మలు గీస్తుంది. పన్నెండేళ్లుగా ఏడాదికొక పుస్తకం. పన్నెండోదాని దగ్గరికి వచ్చేసరికి పిచ్చుక చెయ్యి మొరాయించింది. బొద్దు టోపీ వస్తుంది, కోటు వస్తుంది, గోళ్లు కూడా వస్తాయి. కళ్ల దగ్గరికి వెళ్లేసరికి చెయ్యి బిగుసుకుపోతుంది. ఎనిమిది నెలలుగా ఇదే వరస. ఆఖరికి కళ్లు లేని పదకొండు బొమ్మలు, ఒక నెల గడువు ఇమ్మని ఒక ఉత్తరం కలిపి, "అటే వెళ్తున్నాగా, ఇచ్చేస్తాలే" అన్న అక్క చేతికిచ్చి పంపింది.

ఇప్పుడు బల్ల మీద పన్నెండున్నాయి. అన్నింటికీ కళ్లున్నాయి. ఉత్తరమా? అలాంటిదేమీ రాలేదన్నాడు మేనేజరు.

అవి తన కళ్లు కావని పిచ్చుకకు ఎలా తెలిసిందో కూడా చెప్పుకున్నాం. ఆమెది ఎడమ చేతివాటం. చేతి నీడ కాగితం మీద పడకూడదని కిటికీ ఎప్పుడూ కుడివైపు ఉండేలా కూర్చుంటుంది. కాబట్టి ఆమె గీసిన ప్రతి కంట్లోనూ మెరుపు చుక్క కుడివైపే ఉంటుంది. ప్రెస్సులో చూసిన పన్నెండు బొమ్మల్లోనూ ఆ తెల్లచుక్క ఎడమవైపుంది. బొమ్మ తిరగేసి అచ్చువేశారేమో అని మొదట ఆశపడింది. కానీ బొద్దు టోపీ మీద "బొ" అనే అక్షరం తిన్నగానే ఉంది. ఎవరో కుడిచేతి మనిషి, కిటికీ ఎడమవైపు పెట్టుకుని కూర్చుని, తీరుబడిగా వేసిన చుక్కలవి.

"పన్నెండు గంటలకు అచ్చు ప్లేట్లు మిషనెక్కుతాయి మేడమ్. ఏదైనా ఉంటే ఆలోపు చెప్పండి" అన్నాడు మేనేజరు.

అప్పటికి తొమ్మిదిన్నర. పిచ్చుక పన్నెండో బొమ్మను చుట్టి చంకలో పెట్టుకుని దాదాపు పరిగెత్తింది. మిగతా పదకొండింటి సంగతి వేరు, అవి చాలా చేతులు మారాయి. ఈ పన్నెండోది మాత్రం ఆమె ఎవరికీ ఇవ్వలేదు. ఇంట్లో గీయనే లేదు. టేబుల్ కింద నక్కి కూర్చున్న బొద్దును ఆమె గీసింది ఒకే ఒక్క గదిలో, ఆ గదిలోనే సొరుగులో పెట్టి తాళం వేసింది. ఆ గది గలామె తప్ప ఈ పని ఇంకెవరు చేస్తారు?

మీలో కొందరికి ఈపాటికి ఇంకెవరి మీదో అనుమానం వచ్చి ఉంటుంది. పిచ్చుకకు రాలేదు. ఎందుకు రాలేదనేదే ఈ వారం సంగతి.

ఆ గది ఒక కళ్లద్దాల షాపు మీద, రెండో అంతస్తులో ఉంది. చెయ్యి ఆగిపోయిన బొమ్మలవాళ్లు, పాట కట్టలేని పాటలవాళ్లు, మొదటి వాక్యం దగ్గరే ఏడాదిగా కూర్చున్న రచయితలు మెట్లెక్కి అక్కడికి వస్తారు. వాళ్లకు థెరపీ చేసే ఆవిడను అందరూ డాక్టరమ్మ అంటారు. "నేను డాక్టర్ని కాదు బాబూ" అని ఆవిడ అందరికీ చెప్తుంది, ఎవరూ వినరు. ఒకప్పుడు నాటకాలకు సెట్లు వేసేది. పదిహేనేళ్లు వేశాక ఒకరోజు ఖాళీ స్టేజీ చూసి ఒళ్లంతా చెమటలు పట్టి బయటికి వచ్చేసింది. ఆ తరవాత చదువుకుని ఈ పనిలోకి దిగింది. చెవి వెనక పెన్సిల్ పెట్టుకునే అలవాటు మాత్రం పోలేదు.

ఆవిడ పద్ధతి వేరుగా ఉంటుంది. రాగానే వంటింటి టైమర్ పది నిమిషాలకు తిప్పుతుంది. ఆ పది నిమిషాలూ చేతనైనంత చెత్తగా గీయాలి. బాగా వస్తోందనిపిస్తే చెడగొట్టాలి. గంట మోగగానే ఆ కాగితాన్ని ఎవరికీ చూపించకుండా, ఆవిడకు కూడా చూపించకుండా, గోడవారగా ఉన్న బీరువాలో తమ సొరుగులో వేసి తాళం పెట్టుకోవాలి. సొరుగుల మీద పేర్లుండవు. ఎవరికి వాళ్లు ఒక చిన్న గుర్తు గీసి అంటించుకుంటారు. ఒకరిది దువ్వెన, ఒకరిది నిచ్చెన, ఒకరిది మూతలేని కెటిల్. పిచ్చుకది పిచ్చుకే.

ఎనిమిది నెలల్లో ఆమెకు కాస్త ఊపిరాడింది ఆ గదిలోనే. చెత్తగా గీసినా ఎవరూ చూడరన్న ధైర్యం ఒక్కటే ఆమెను వారం వారం నిలబెట్టింది. ఇప్పుడు ఆ ధైర్యం మీదే దెబ్బ పడింది. రెండేసి మెట్లు చొప్పున ఎక్కింది. ఈ గది కూడా పోతే ఇక తన చెయ్యి తనకు ఎప్పటికీ తిరిగి రాదని ఆమెకు గట్టిగా అనిపించింది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, చుట్టిన కాగితాన్ని టేబుల్ మీద పడేసింది.

"మీరు నా సొరుగు తెరిచారు."

డాక్టరమ్మ కాగితం వైపు చూడలేదు, ఆమె మొహం వైపు చూసింది. "ముందు కూర్చోండమ్మా."

"కూర్చోను. తెరిచారా లేదా?"

"లేదు."

"మరి ఇదెలా బయటికెళ్లింది? నా బొమ్మ మేడమ్ ఇది! ఇక్కడే గీశాను, ఇదే కుర్చీలో. నా తాళంచెవి నా దగ్గరే ఉంది. రెండోది మీ దగ్గరుంది." పిచ్చుక తన తాళంచెవి తీసి చూపించింది. "ఎవరికి చూపించారు? ఎవరిచేత గీయించారు? నావల్ల కాదని మీకు కూడా అనిపించిందా?"

ఆ చివరి ప్రశ్నలో ఉన్న భయం కోపంకన్నా పెద్దది. డాక్టరమ్మ లేచి, ఇనప్పెట్టెలోంచి ఒక కవరు తీసి ఆమె ముందు పెట్టింది. మొదటిరోజు రెండో తాళంచెవిని అందులో వేసి అంటించారు. అంటించిన చోట అడ్డంగా పిచ్చుకే సంతకం చేసింది, తన గుర్తుతో సహా. గుర్తు చెక్కు చెదరలేదు. పిచ్చుక తోక మీద అప్పుడు పడిన ఇంకు మరక కూడా అలాగే ఉంది.

ఆమె మొహం పాలిపోయింది. "సారీ" అంది.

"సారీలు తరవాత చెప్పుకుందాం. మీ సొరుగు మీరే తెరవండి. అసలు బొమ్మ ఉందో లేదో చూసుకోండి."

తాళం తీయడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. లోపల వారానికొకటి చొప్పున ముప్పైకి పైగా చెత్త బొమ్మలు. టేబుల్ కింద బొద్దు బొమ్మ అడుగునుంచి నాలుగోదో ఐదోదో. తను వంకరగా గీసిన టేబుల్, దాని కింద ముడుచుకున్న బొద్దు, కన్ను ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ. ఎవరూ ముట్టుకోలేదు.

"ఇక్కడే ఉంది" అంది పిచ్చుక నీరసంగా. "ఇక్కడే ఉంటే, అదెక్కడి నుంచి వచ్చింది?"

"రెండూ పక్కపక్కన పెట్టండి. దొంగిలించినవాళ్లు మీ దగ్గర ఉన్నదే తీసుకుంటారు కదా. మీ దగ్గర లేనిది అందులో ఏమైనా ఉందేమో చూడండి."

గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. పిచ్చుక వంగి రెండు కాగితాలనూ మార్చి మార్చి చూసింది. అదే టేబుల్. అదే మూల. అదే ఎలుగుబంటి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని. కంటి సంగతి ఎలాగూ తెలుసు. టోపీ సరే, కోటు సరే. చూపు కిందికి జారి టేబుల్ కాళ్ల దగ్గర ఆగింది.

ప్రెస్సు బొమ్మలో టేబుల్ వెనక కాలికి తాడు చుట్టి ఉంది. ముడి వేసిన చోట రెండు కొసలూ పైకి లేచి కుందేలు చెవుల్లా నిలబడ్డాయి.

పిచ్చుక ఆ ముడి మీద వేలు పెట్టింది.

అది నాన్న రాతబల్ల. ఎప్పుడో కాలు విరిగితే నాన్న తాడు చుట్టి ముడివేశారు. ఆ కొసల్ని కుందేలు చెవులనేవాళ్లు. వాటిని లాగితే నాన్న పైనుంచి "ఒసేయ్, బల్ల పడుతుంది!" అని అరిచేవారు. లాగింది నువ్వంటే నువ్వని కింద ఇద్దరూ గుసగుసగా పోట్లాడుకునేవాళ్లు. ముప్పై ఏళ్లయింది. ఆ తాడు సంగతి పిచ్చుక పూర్తిగా మరిచిపోయింది. అందుకే తన బొమ్మలో లేదు. కట్టిన నాన్నకూ, ఆ బల్ల కింద పడుకున్నవాళ్లకూ తప్ప ఆ తాడు ఇంకెవరికీ తెలియదు.

ఆ బల్ల కింద పడుకున్నది ఇద్దరే.

"కాదు" అంది పైకే. "అక్కకి గీయడం రాదు. గీత గీయమంటే స్కేలు అడుగుతుంది."

డాక్టరమ్మ ఏమీ అనలేదు. అనకపోవడమే పిచ్చుకకు వింతగా తోచింది. ఆమె చూపు బీరువా మీదికి వెళ్లింది. దువ్వెన, నిచ్చెన, కెటిల్. తన సొరుగుకు రెండు సొరుగుల కింద ఒక చిన్న టేబుల్ గుర్తు. ప్రతి వారం తాళం తీస్తూ చూసిందే. ఎవరో వడ్రంగి పనివాళ్లది అనుకుని నవ్వుకుంది కూడా. ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుని దగ్గర్నుంచి చూసింది. వెనక కాలికి సన్నటి గీతలు చుట్టి ఉన్నాయి. పైన రెండు కుందేలు చెవులు.

"అక్క ఇక్కడికి వస్తోందా?"

"ఎవరి సొరుగు గురించీ ఎవరికీ చెప్పనమ్మా. రేపు ఎవరొచ్చి మీ గురించి అడిగినా ఇదే మాట."

ఆ జవాబు చాలు. పిచ్చుక ఫోన్ తీసింది. ఒక్క రింగుకే అక్క ఎత్తింది.

"ఎక్కడున్నావ్?"

"కిందే. కళ్లద్దాల షాపులో. నాన్నకి కొత్త అద్దాలు తీసుకుంటున్నా." అక్క ఒక్క క్షణం ఆగింది. "నువ్వు పైనే ఉన్నావ్ కదూ? ప్రెస్సువాళ్లు నాకూ ఫోన్ చేశారు. వస్తున్నా ఉండు."

మెట్ల మీద అడుగులు వినిపిస్తున్నంతసేపూ పిచ్చుక గోడకు ఆనుకుని నిలబడింది. అక్క మీద కోపం తెచ్చుకోవాలని చూసింది. కోపం రాలేదు, చిన్నప్పుడు నాన్న ఆఫీసు నుంచి వచ్చే వేళకు పుట్టే భయంలాంటిది వచ్చింది. ఎందుకొచ్చిందో ఆమెకు తెలుసు. తెలుసన్న సంగతి మాత్రం ఎనిమిది నెలలుగా డాక్టరమ్మకు చెప్పలేదు.

అక్క లోపలికి వచ్చింది. ఎప్పట్లాగే ఇస్త్రీ మడత చెదరని బట్టలు, భుజానికి రాతపుస్తకాల సంచి. టేబుల్ మీద పక్కపక్కన ఉన్న రెండు బొమ్మల్నీ చూసి తలూపింది.

"తాడు పట్టుకున్నావన్నమాట."

"నువ్వే గీశావా?"

"నేనే."

"పన్నెండూనా?"

"పదకొండింటికి కళ్లే. పన్నెండోది మొత్తం. ఆఖరి పేజీకి నేను ముందుగా మాటలు రాయను కదా, నీ బొమ్మ చూశాకే రాస్తాను. నీ బొమ్మ రాలేదు. ఎదురుచూసి చూసి నేనే గీసేశా. నువ్వూ అదే గీస్తావని నాకేం తెలుసు?" అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "మూడేళ్లయిందే నాకు కొత్త మాట పుట్టి. పోయిన మూడు పుస్తకాలూ పాత నోట్సులోంచి అతుకులేసినవే. నీకు చెప్పలేదు. ఏడాదిగా ఇక్కడికి వస్తున్నా. రాయడానికి ముందు మీరేం చేసేవాళ్లు అని ఈవిడ మొదటిరోజే అడిగింది. బొమ్మలు గీసేదాన్ని అన్నా. నాకే ఆశ్చర్యమేసింది, ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు."

"నాకు ఈ అడ్రసు..."

"నేనిచ్చిన పుస్తకంలో ఈవిడ కార్డు దొరికింది కదా నీకు? అదృష్టం అనుకున్నావా?"

పిచ్చుక అలాగే అనుకుంది. ఒళ్లు మండింది. "అంతా తెలిసి, నాకు చెప్పకుండా, నా ఉత్తరం దాచేసి, నా పేరు మీద నీ బొమ్మలు పంపిస్తావా? నన్నేం చేద్దామనుకున్నావ్ అక్కా? పిల్లలు చూసి ఇవి పిచ్చుక గీసినవే అనుకుంటే నేనేమైపోవాలి? ఇంకొకళ్ల బొమ్మ మీద నా పేరు..."

అక్కడ ఆగిపోయింది. తన మాట తనకే వినిపించింది.

అక్క కూడా విన్నది. తొందరపడలేదు. సంచిలోంచి తాళంచెవి తీసి, టేబుల్ గుర్తున్న సొరుగు తెరిచి, అన్నింటికన్నా అడుగునున్న కాగితం తీసుకొచ్చి పిచ్చుక ముందు పెట్టింది.

పసుపుబారిన పాత కాగితం. మైనపు రంగులతో వేసిన చిన్నపిల్లల బొమ్మ. టేబుల్ కింద ఎలుగుబంటి పిల్ల, ఒకే గుండీ ఉన్న కోటు, వెనక కాలికి తాడు. ముప్పై ఏళ్ల కిందటి బొద్దు. కంట్లో మెరుపు చుక్క ఎడమవైపు. కింద వంకర అక్షరాలతో "ఇది నేను గీశాను. పిచ్చుక" అని రాసుంది. ఆ అక్షరాల కింద కాగితం గరుకుగా లేచి ఉంది. ఎవరో రబ్బరు పెట్టి గట్టిగా రుద్దారు.

"ఫ్రేము కట్టించి గోడకు పెట్టారుగా నాన్న" అంది అక్క. "ఇల్లు మారినప్పుడు అద్దం పగిలింది. బొమ్మ పోయిందని రెండు రోజులు వెతికారు. నేనే తీసి దాచుకున్నా. ఫ్రేము అంచు కింద ఏముందో చూడాలనిపించి."

పిచ్చుక వేలితో ఆ గరుకును తడిమింది. గుర్తుందా అంటే, ఉంది. ఎప్పుడూ ఉంది. దాని మీద వేరే కథ కప్పుకుంది, అంతే. వాన పడుతోందని, బల్ల కింద దూరి తను ఒక ఎలుగుబంటిని గీసిందని. అడిగినవాళ్లందరికీ ఆ కథే చెప్పింది. చెప్పగా చెప్పగా అదే నిజమనిపించింది.

"ఎనిమిది నెలల కిందట లైబ్రరీలో మీటింగు గుర్తుందా మేడమ్, మీకు చెప్పాను కదా" అంది, డాక్టరమ్మ వైపు తిరిగి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "సగమే చెప్పాను. ఒక పాప లేచి, బొద్దు ఎలా పుట్టాడు అని అడిగింది. ఎప్పుడూ చెప్పే కథే చెప్పాను. ముందు వరసలో అక్క కూర్చుని ఉంది. అందరికన్నా ముందు తనే చప్పట్లు కొట్టింది. కొడుతూ నా కళ్లలోకి చూసింది, అలాగే చూస్తూ ఉంది. మర్నాడు పొద్దున బొద్దు కన్ను గీయబోతే అక్క కన్నే కనిపించింది. అప్పటి నుంచీ అంతే."

"పేరు కోసం కాదే నేను బాధపడింది" అంది అక్క. "నువ్వప్పుడు ఏడేళ్ల పిల్లవి. నాన్న మెచ్చుకుంటారని చేశావు, సరే. నేనెళ్లి అది నాది నాన్నా అన్నా. చెంప మీద ఒక్కటిచ్చారు. చెల్లెలి బొమ్మ మీద ఏడుస్తావా, అబద్ధాలకోరు అన్నారు. రంగుల పెట్టె నీకు కొనిచ్చారు. నాకు రాసుకోమని నోటుబుక్కు ఇచ్చారు, అబద్ధాలు బాగా అల్లుతావుగా అని. నువ్వు తలుపు పక్కనే నిలబడి ఉన్నావు. ఒక్క మాట అంటావేమోనని చూశాను. ఆ తరవాత కూడా చూస్తూనే ఉన్నా."

ఆ చెంపదెబ్బ చప్పుడు పిచ్చుకకు ఈ గదిలో విన్నంత స్పష్టంగా వినిపించింది. తలుపు పక్కన నిలబడి రంగుల పెట్టె మూత తీస్తూ మూస్తూ ఉన్న తన చేతులు కూడా కనిపించాయి. సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కిపోయింది. "అక్కా" అంది, ఆ పాత కాగితాన్ని దగ్గరికి లాక్కుని.

"నీ చుక్క ఎటువైపుంటుందో నాకు తెలీదనుకున్నావా?" అక్క ప్రెస్సు బొమ్మ మీద వేలు పెట్టింది. "పన్నెండేళ్లుగా చూస్తున్నా. కుడివైపు పెట్టుంటే నీకు కూడా అనుమానం వచ్చేది కాదు. కావాలనే ఎడమవైపు పెట్టా. నువ్వు పట్టుకోవాలని. పట్టుకుని పరిగెత్తుకొస్తావని."

పదకొండున్నర దాటింది. టేబుల్ మీద ఫోన్ మోగింది. ప్రెస్సు మేనేజరు.

పిచ్చుక కుడిచేత్తో ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకుంది. "ప్లేట్లు రెడీ మేడమ్. ఎక్కించేయమంటారా?" వెనక మిషన్ల హోరు వినిపిస్తోంది.

ఎక్కించేయమంటే అయిపోతుంది. ఎవరికీ తెలియదు, అక్క కూడా బయటపెట్టదు. ఆపమంటే ఎందుకని అడుగుతారు. కళ్లు తనే గీసిస్తానని చెప్పడానికి చెయ్యి తన మాట వినదు. ఆమె ఎడమచెయ్యి టేబుల్ మీద దొరికిన పెన్సిల్‌ను పట్టుకుని తిప్పుతోంది.

"ఆపండి" అంది చివరికి. "లోపల మొదటి పేజీలో బొమ్మలవాళ్ల పేరు తప్పు పడింది."

"తప్పా? మొదటి పుస్తకం నుంచీ అదే పేరు కదండీ?"

"మొదటి పుస్తకం నుంచీ తప్పే."

అవతల మేనేజరు మిషన్ల వైపు ఏదో కేకేశాడు. "ఒంటిగంట వరకూ ఆపగలను. అంతకుమించి నావల్ల కాదు. సరైన పేరేంటో రాసి పంపండి."

ఫోన్ పెట్టేసి చూసేసరికి అక్క ఆమె వైపు చూడటం లేదు, ఆమె ఎడమచేతి వైపు చూస్తోంది. డాక్టరమ్మ కూడా అటే చూస్తోంది. పిచ్చుక తల వంచింది. తన పాత చెత్త బొమ్మ మీద, ఇన్ని నెలలుగా తెల్లగా ఉండిపోయిన చోట, ఒక కన్ను ఉంది. రెప్ప, గుడ్డు, నల్లటి పాప, అన్నీ. మాట్లాడుతూ ఎప్పుడు గీసిందో ఆమెకే తెలియదు. మెరుపు చుక్క ఒక్కటే మిగిలింది. దానికోసం వదిలే తెల్లటి చోటు ఎటూ వదల్లేదు.

ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. డాక్టరమ్మ చెవి వెనకనున్న తెల్లరంగు పెన్సిల్ తీసి ఆమె ముందుకు జరిపింది.

"ఎటు పెట్టను అక్కా?"

అక్క పెదవులు కదిలాయి. జవాబు వచ్చేలోపు తలుపు దగ్గర చేతికర్ర టకటకమంది.

"ఎంతసేపే? అద్దాలు ఇచ్చేశారు, ఎవరూ రారేం?" నాన్న మెట్లెక్కి వచ్చేశారు. ఆయాసపడుతున్నారు, అయినా మొహం వెలిగిపోతోంది. ముక్కు మీద కొత్త కళ్లద్దాలు తళతళలాడుతున్నాయి. "అబ్బ, ఎంత బాగా కనిపిస్తోందో! కింద బోర్డు మీద చివరి వరస కూడా చదివేశాను తెలుసా..."

అంటూనే ఆయన చూపు టేబుల్ మీది పసుపు కాగితం మీద పడింది. రెండంగల్లో వచ్చి దాన్ని అందుకున్నారు.

"దొరికిందా! ఎక్కడ దొరికింది? ఇది నా పిచ్చుక మొదటి బొమ్మ కదూ" అన్నారు డాక్టరమ్మతో, ఇంటికొచ్చిన ప్రతివాళ్లతో ఎలా అనేవారో అలాగే. "ఏడేళ్లకే ఎలా వేసిందో చూడండమ్మా."

అక్క తల వంచుకుంది. ముప్పై ఏళ్లుగా ఆ మాట విన్న ప్రతిసారీ అలాగే వంచుకుంటుందని పిచ్చుక ఇప్పుడు గమనించింది.

నాన్న కాగితాన్ని కిటికీ వెలుతురు వైపు ఎత్తారు. మురిపెంగా చూస్తూ చూస్తూ, నుదురు చిట్లించి, కొత్త అద్దాలు ముక్కు మీద సర్దుకుని ఇంకాస్త దగ్గరికి తెచ్చుకున్నారు.

"ఇక్కడేదో చెరిపేసినట్టుందే. నీ పేరు కింద ఇంకో పేరు..." ఆయన కాగితం మీంచి తలెత్తి సూటిగా పిచ్చుక వైపు చూశారు. "ఎవరిదే ఇది?"